కొండల నీలిమ – సర్ సి. వి. రామన్

వానలు వెనుదీసి చలి ఇంకను ముదరని దినములలో ఒకనాడు మేము అనంతగిరి మీదుగా అరకులోయకు పోవుచు, గాలికొండ మలుపు వద్ద కొంతసేపు ఆగితిమి. అచ్చట ఒక గిరిజన స్త్రీ సీతాఫలముల గంప దించుకొని కూర్చుండెను. ఆమె ప్రక్కన పదేండ్ల కూతురు. కొండ వెనుక కొండ, దాని వెనుక మరియొక కొండ. దగ్గరిది పచ్చగా, నడిమిది మసకగా, దూరపుది నీలముగా కనబడుచుండెను. మాలో ఒకరు ఆ దూరపు కొండను చూపి, ఎంత చక్కని నీలికొండ అనిరి. ఆ పిల్ల నవ్వి, "అది నీలం కాదు బాబూ! మా మామ ఊరు అక్కడే. అక్కడికెళ్తే పచ్చగానే ఉంటాది. అక్కడ నుంచి చూస్తే మా కొండే నీలంగా ఉంటాది" అనెను.

ఆ మాటకు మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఆ పిల్ల పలికినది ఒక గొప్ప శాస్త్రప్రశ్నలో సగభాగము. రంగు కొండయందు లేదని ఆమె కనిపెట్టినది. చూచువానికిని కొండకును నడుమ నున్నదేదో ఆ రంగు పూయుచున్నదని చెప్పక చెప్పినది. ఆ రెండవ సగమును వెదకుటలో తన జీవితమున పెద్దభాగము గడపిన మహనీయుడొకరు మన దేశమున నుండిరి. ఆయనయే చంద్రశేఖర వెంకట రామన్ గారు. ఆయన బాల్యము గడచినది ఈ కొండలకు దిగువన, సముద్రపుటొడ్డున నున్న విశాఖపట్టణముననే.

రామన్ గారు 1888 నవంబరు 7వ తేదీన తిరుచిరాపల్లి సమీపమున తిరువానైక్కావలులో జన్మించిరి. తండ్రి చంద్రశేఖర అయ్యరు గారికి 1892లో విశాఖపట్టణమున శ్రీమతి ఏ. వి. ఎన్. కళాశాలలో గణిత భౌతికశాస్త్రముల ఉపన్యాసక పదవి లభింపగా కుటుంబమంతయు ఇచ్చటికి వచ్చెను. అప్పటికి బాలునికి నాలుగేండ్లు. ఇచ్చటనే సెయింట్ అలోషియస్ పాఠశాలలో చదివి, పదునొకండవ యేటనే మెట్రిక్యులేషను ముగించెను. తండ్రిగారి కళాశాలలోనే ఇంటర్మీడియెట్ చదివెను. ఇంటినిండ గణిత గ్రంథములు, భౌతికశాస్త్ర గ్రంథములు. తండ్రి వాయించు ఫిడేలు. వీధి చివర సముద్రము. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలకు పోవునంత వరకు ఆ బాలుడు పెరిగినది ఈ ఊరిలోనే.

మహాపురుషుల బాల్యమును గూర్చి కథలు అల్లుట మనకు వాడుక. విశాఖ తీరమున నిలిచి, ఒకవైపు నీలిసముద్రమును, వేరొకవైపు నీలికొండలను చూచి, ఆ బాలుడు ఆనాడే తన మహావిషయమును కనుగొనెనని చెప్పిన వినుటకు ఇంపుగానే యుండును. మేము అట్లు చెప్పము. విశాఖలో ఆ సముద్రమును, ఆ కొండలను వేలకొలది బాలురు చూచిరి, నేడును చూచుచున్నారు. చూచినదానిని విడువక ప్రశ్నించు పట్టుదల, ఆ ప్రశ్నకు కావలసిన గణితము, చేతిలో చిన్న పరికరము — ఈ మూడును ఒకచోట కూడుటయే అరుదు. రామన్ గారియందు అవి కూడినవి.

పదునెనిమిదవ యేటనే, 1906లో, ఆయన మొదటి పరిశోధన వ్యాసము ఇంగ్లండు దేశపు శాస్త్రపత్రికలో వెలువడెను. అయినను ఆనాడు మన దేశమున శాస్త్రజ్ఞునకు కూడు పెట్టు కొలువులు లేవు. అందువలన ఆర్థికశాఖ పరీక్ష నెగ్గి, 1907లో కలకత్తాలో సహాయ అకౌంటెంట్ జనరలుగా చేరిరి. ఆ నగరమున బౌబజారు వీధిలో మహేంద్రలాల్ సర్కారు గారు 1876లో స్థాపించిన భారత విజ్ఞాన పరిషత్తు భవనము దాదాపు నిర్జనముగా నుండెను. రామన్ గారు దాని తలుపు తట్టిరి. ఉదయము కచేరీకి పోవుటకు ముందు పరిశోధన, సాయంకాలము కచేరీ విడిచిన పిదప పరిశోధన. పదియేండ్లు ఇట్లు గడచినవి. 1917లో కలకత్తా విశ్వవిద్యాలయము పాలిత్ ఆచార్య పదవి నీయగా, ఎక్కువ జీతపు సర్కారు కొలువును వదలి, తక్కువ జీతపు ఆచార్యత్వమును స్వీకరించిరి.

ఆ దినములలో ఆయనకు నాదశాస్త్రముపై మక్కువ మెండు. రేడియో వినువారికి ఇది ప్రియమైన విషయము కావున ఒక మాట చెప్పెదము. బిగించిన తోలుపై దెబ్బ కొట్టినపుడు పుట్టు స్వరములు సామాన్యముగా ఒకదానితో నొకటి పొందవు. అందుచేత డప్పు తాళమునకు పనికివచ్చును గాని శ్రుతికి నిలువదు. మన మృదంగపు కుడిమూతపై నల్లని కరణి దట్టించుటచే ఆ స్వరములు శ్రుతిలో నిలుచునని 1920లో రామన్ గారు తమ సహచరునితో కూడి నిరూపించిరి. అరకు గూడెములలో థింసా నాట్యమునకు తుడుము, డప్పు, కిరిడి, మోరి మ్రోగించువారును, సభలలో మృదంగము వాయించు విద్వాంసులును చేతితో ఎరిగిన సత్యమును ఆయన లెక్కకు తెచ్చిరి. మన పెద్దలు చేసిన వస్తువునందు శాస్త్రము దాగియున్నదని నమ్మి, దానిని పరీక్షించి చూచుట ఆయన పద్ధతి.

ఇక నీలిమ కథకు వచ్చెదము. 1921లో ఆక్స్‌ఫర్డు నగరమున విశ్వవిద్యాలయముల మహాసభకు పోయి, నార్కుండా అను ఓడపై తిరిగి వచ్చుచు, రామన్ గారు మధ్యధరా సముద్రపు నీలమును చూచి ఆశ్చర్యపడిరి. ఆకాశము ఏల నీలమో అంతకుముందే లార్డ్ రేలీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు వివరించియుండెను. సముద్రపు నీలము మాత్రము ఆకాశపు నీడయే యని ఆ మహాశయుని అభిప్రాయము. అది పరీక్షింపదగిన మాటయని రామన్ గారికి తోచెను. ఆయన కోటుజేబులో నికల్ పట్టకమను చిన్న స్ఫటికపు సాధనము ఉండెడిది. తగిన కోణమున దానిగుండా చూచినచో నీటిపై ప్రతిఫలించు వెలుగు ఆగిపోవును. ఓడ మీద నిలిచి ఆయన ఆ ప్రతిఫలనమును తొలగించి చూచిరి. ఆకాశపు నీడ పోయినను సముద్రపు నీలము పోలేదు. మరింత నిగ్గు తేలెను. ఓడ రేవు చేరకముందే ఆ విషయము వ్యాసరూపమున సిద్ధమయ్యెను. నీటి అణువులే కాంతిని చెదరగొట్టుచున్నవని ఆయన సిద్ధాంతము. నీరు ఎఱ్ఱని కాంతిని కొంచెము కొంచెముగా మ్రింగుటయు సముద్రపు నీలమునకు ముఖ్యకారణమని నేటి శాస్త్రము దీనికి చేర్చి చెప్పుచున్నది.

ఇపుడు గాలికొండ మీది పిల్లకు బదులు చెప్పవచ్చును. సూర్యుని తెల్లని వెలుగులో అన్ని రంగులును ఉన్నవి. గాలి అణువులు వానిని చెదరగొట్టును. కాని అన్నింటిని సమానముగా కాదు. తరంగదైర్ఘ్యము సగమైనచో చెదరుట పదునారు రెట్లగును. ఎఱుపుకంటె నీలపు తరంగము పొట్టిది కావున, ఎఱుపుకంటె నీలము నాలుగు రెట్లకు పైగా చెదరును. మన కంటికిని దూరపు కొండకును నడుమ ఎన్నో మైళ్ల గాలి యున్నది. ఆ గాలి నలువైపుల నుండి వచ్చు వెలుగులో నీలమును ఎక్కువగా మనవైపు త్రోయుచున్నది. చీకటిగా నుండు అడవికొండ ఆ నీలమునకు తెరవలె నిలుచును. మామ ఊరి నుండి చూచినపుడు అదే గాలి ఈ కొండకు నీలము పూయును. పిల్ల చెప్పినది అక్షరాల నిజము.

దీనికి తోడుగా మరియొక దృశ్యమును ఆ కొండలే చూపుచున్నవి. శీతకాలపు వేకువను పాడేరు దగ్గర వంజంగి కొండయెక్కి చూచినచో లోయ నిండ పాలు పోసినట్లు తెల్లని మంచు పరచుకొనియుండును. అదే గాలి, అదే సూర్యుడు. మరి అది నీలము కాక తెలుపేల? మంచుబిందువు అణువు కంటె మిక్కిలి పెద్దది. కాంతి తరంగము కంటెను పెద్దది. అంత పెద్ద బిందువు అన్ని రంగులను ఇంచుమించు సమానముగా చెదరగొట్టును. అన్ని రంగులును కలిసి వచ్చినచో తెలుపే. ప్రొద్దెక్కి మంచు విడిన పిదప అదే లోయ మీద నీలిమ కనబడును. చెదరగొట్టు రేణువు పరిమాణమును బట్టి రంగు మారునను పాఠమును ఒక్క ఉదయముననే చూడవచ్చును. ఇందుకు ప్రయోగశాల అక్కర లేదు.

ఓడ దిగిన పిదప రామన్ గారును, ఆయన శిష్యులును ఏడేండ్లు ఈ చెదరు కాంతినే పట్టుకొనిరి. నీరు, మంచుగడ్డ, స్ఫటికములు, ఎన్నియో ద్రవములు పరీక్షించిరి. 1923లో రామనాథన్ అను శిష్యునకు చెదరిన వెలుగులో రంగు మారిన సన్నని జాడ ఒకటి కనబడెను. ద్రవము మలినమై యుండునని తలచి దానిని ఎంత శుద్ధి చేసినను ఆ జాడ పోలేదు. 1928 తొలి మాసములలో కె. ఎస్. కృష్ణన్ గారు ఆ పనిని మరల ఎత్తుకొనిరి. ఫిబ్రవరి 28వ తేదీన వర్ణపటమున ఆ రంగు మారిన కాంతి నిస్సందేహముగా వేరై కనబడెను. ఆ దినముననే 1987 నుండి మన దేశము జాతీయ విజ్ఞాన దినమును జరుపుకొనుచున్నది. మాస్కోలో లాండ్స్‌బెర్గ్, మాండెల్‌స్టామ్ అను శాస్త్రజ్ఞులును అదే కాలమున స్ఫటికములలో ఈ విషయమును స్వతంత్రముగా కనుగొనిరని చెప్పుట న్యాయము.

రామన్ ప్రభావమన నేమి? అరకులోయలో సంతకు పోవువారికి దీనిని తేలికగా చెప్పవచ్చును. సంతలోనికి సరకు తెచ్చినవారు కొంత ఆశీలు చెల్లింతురు గదా. కాంతి చిన్నచిన్న శక్తిమూటలుగా అణువుల సంతలోనికి పోవుచున్నదనుకొందము. చెదరి వెలుపలికి వచ్చు మూటలలో దాదాపు అన్నియు పోయినట్లే తిరిగి వచ్చును. వాని రంగు మారదు. కోటికి ఒకటో రెండో మూటలు మాత్రము అణువునకు కొంత శక్తిని ఆశీలుగా చెల్లించి, ఆ మేరకు తగ్గి, ఎఱుపు వైపునకు జరిగి వచ్చును. అరుదుగా అణువు నుండియే కొంత పుచ్చుకొని నీలము వైపునకు జరుగునవియు కలవు. ఆశ్చర్యమేమనగా, ప్రతి అణువునకు తన ఆశీలు రేటు ఒకటి కలదు. అణువులోని పరమాణువులు ఒకదానితో నొకటి బంధింపబడి, తమతమ వేగమున కంపించుచుండును. ఆ కంపనమును బట్టియే ఆశీలు. కావున తిరిగి వచ్చిన కాంతిలో ఎంత తగ్గినదో కొలిచినచో, అది ఏ అణువుల సంతకు పోయివచ్చినదో చెప్పవచ్చును. ముట్టక, పగులగొట్టక, కరగింపక వస్తువు గుట్టు తెలిసికొను విద్య ఇది.

ఈ పనికి వాడిన సామగ్రి పాదరస దీపము, రంగు గాజులు, ఒక చిన్న వర్ణపటదర్శిని. అంత కొద్ది సామగ్రితో సాధించిన ఫలమునకు 1930లో నోబెల్ బహుమానము లభించెను. విజ్ఞానశాస్త్రమున ఆ బహుమానము పొందిన మొదటి ఆసియావాసి ఆయనయే. 1933లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు అధ్యక్షులైరి. 1948లో తమ పేర పరిశోధనాలయమును నెలకొల్పిరి. 1954లో భారతరత్న బిరుదము పొందిరి. 1970 నవంబరు 21వ తేదీన కీర్తిశేషులైరి. ముదిమిలోను వజ్రములు, చంద్రకాంత శిలలు, పూలరంగులు, కంటిచూపు — ఇవియే ఆయన చింతనలు.

మహనీయుల గుణములను చెప్పునపుడు లోపములను దాచుట శ్రోతలను గౌరవించుట కాదు. 1933లో కమలా భాగవత్ అను యువతి పట్టపరీక్షలో ప్రథమశ్రేణిన నెగ్గి, బెంగుళూరు సంస్థలో పరిశోధనకు ప్రవేశము కోరగా, స్త్రీయను కారణమున రామన్ గారు నిరాకరించిరి. ఆమె వెనుదీయలేదు. చివరకు ఒక యేడు పరీక్షార్థముగా పనిచేయవలెనను నిబంధనతో అంగీకరించిరి. ఆమె పని చూచిన పిదప ఆయన మనసు మారెను. ఆ సంస్థ తలుపులు స్త్రీలకు తెరువబడెను. కాంతి విషయమున పెద్దల మాటను పరీక్షింపక నమ్మని ఆయన, స్త్రీల విషయమున లోకపు మాటను పరీక్షింపకయే నమ్మియుండిరి. పిదప పరీక్షించి దిద్దుకొనిరి. గాలికొండ మీది పిల్లను తలచినపుడు మాకు ఈ కథ కూడ తలపునకు వచ్చుచున్నది.

రామన్ గారి విద్య మరల విశాఖకు వచ్చిన కథ ఒకటి యున్నది. 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించిన సూరి భగవంతము గారు హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తాకు పోయి రామన్ గారికి శిష్యులైరి. 1932లో వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరి, అచ్చట భౌతికశాస్త్ర శాఖను పెంచిరి. కాంతి పరిక్షేపణమును, రామన్ ప్రభావమును గూర్చి ఆయన వ్రాసిన గ్రంథమును ఆ పరిషత్తే 1940లో ప్రకటించినది. గురువు బాలుడై తిరిగిన ఊరిలోనే గురువు కనుగొన్న కాంతిపై శిష్యుడు పాఠములు చెప్పెను.

ఆ విజ్ఞాన కళాశాల ఏ ధనముతో నడచినది? జయపుర సంస్థానాధీశులు శ్రీ విక్రమదేవవర్మ గారు ఏటేటా లక్ష రూపాయల చొప్పున దానము చేసిరి. కళాశాల ఆయన పేరనే వెలసెను. ఆనాటికి అది మహాదానము, ఆంధ్రులు మరువరానిది. అయితే జయపురము కొండల సంస్థానము. దాని బొక్కసమునకు వచ్చిన సొమ్ము తూర్పు కనుమల అడవులనుండియు, కొండవాలు పొలములను దున్నినవారి శిస్తులనుండియు వచ్చినది. చోళ్లు, సామలు పండించి, కావళ్లు మోసి, కొండదారులు నడచిన గిరిజనుల చెమట ఆ లక్షలో కలదు. వారి పేరు ఏ శిలాఫలకముపైనను లేదు. వాల్తేరు ప్రయోగశాలలో మొదటి దీపము వెలిగినపుడు దానికి చమురు పోసిన చేతులలో వారి చేతులును ఉన్నవని మేము తలచుచున్నాము.

గిరిజనుల పేరు నిలిచిన రాయి మాత్రము ఒకటి కలదు. ఈ కొండల యెఱ్ఱని శిలకు 1902లో భూగర్భశాస్త్రజ్ఞులు ఖోండుల పేర ఖోండలైట్ అను నామము పెట్టిరి. దానియందు ఎఱ్ఱని గార్నెట్ గింజలు మెరయుచుండును. ఆ గింజపై లేసరు కిరణము పడనిచ్చి, చెదరిన వెలుగును చూచినచో, అది ఏ జాతి గార్నెట్టో రామన్ వర్ణపటము చెప్పగలదు. బొఱ్ఱా గుహలలో గోస్థని నీరు యుగయుగములుగా మలచిన సున్నపురాతి స్తంభములు చూడని విశాఖవాసి అరుదు. అట్టి సున్నపురాతిలోని కాల్సైటు ఖనిజము చెల్లింపజేయు ముఖ్యమైన ఆశీలు సెంటీమీటరుకు ఇంచుమించు 1086 తరంగములు. బొఱ్ఱాలోనిదైనను, వేరు ఖండములోనిదైనను లెక్క అదియే. 2021 ఫిబ్రవరిలో అంగారక గ్రహముపై దిగిన అమెరికా శకటము ఈ రామన్ విద్యతోనే అచ్చటి రాళ్లను పరీక్షించుచు వచ్చినది. మందుల కర్మాగారములలోను, రత్నపరీక్షలోను దీని వాడుక నానాటికి హెచ్చుచున్నది.

రామన్ గారి జీవితమున మేము నేర్చిన పాఠము ఇది. ప్రశ్న ఎక్కడనైనను పుట్టవచ్చును. సీతాఫలముల గంప ప్రక్కన కూడ పుట్టును. ప్రశ్న పుట్టిన తరువాత దానిని చేయిపట్టి నడపు పాఠశాల, గురువు, గ్రంథము, చిన్నదైనను ఒక పట్టకము ఉండవలెను. విశాఖలోని ఆ బాలునకు ఇంటిలోనే అధ్యాపకుడైన తండ్రి, అలమార నిండ పుస్తకములు, నడకదూరమున కళాశాల ఉండెను. గాలికొండ పిల్లకు ఏమున్నవి? 2019లో విజయనగరమున కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయము ప్రారంభమైనది. 2022లో పాడేరు ముఖ్యపట్టణముగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినది. ఇవి మంచి అడుగులు. అయినను విశ్వవిద్యాలయపు మెట్టు ఎక్కుటకు ముందు గూడెపు బడిలో ఒక ఉపాధ్యాయుడు ఆ పిల్లతో కిటికీ వద్ద నిలిచి, ఆ కొండ నీలమేల యని అడుగవలెను. ఆమె చెప్పు బదులును ఓపికతో వినవలెను.

ఆనాడు మేము బయలుదేరుటకు ముందు ఆ పిల్లకు గాలి సంగతి మాకు చేతనైనట్లు చెప్పితిమి. ఆమె కొంతసేపు కొండవైపు చూచి, "మరి రాత్రి గాలి ఉంటాది గదా, అప్పుడు కొండ నల్లగా ఉంటాదేం?" అని అడిగెను. వెలుగు లేనిదే గాలి చెదరగొట్టుటకేమున్నదని మేము చెప్పబోవుచుండగనే, ఆమె తానే "ఓహో, ఎలుగు లేదు గదా" అనెను. తల్లి గంప సర్దుకొని పిలువగా పరుగెత్తి పోయెను. వాల్తేరు ప్రయోగశాలకు ఆ కొండలు ఒకప్పుడు పోసిన చమురు బాకీగానే యున్నది. ఆ బాకీని ఇట్టి పిల్లలకు తీర్చవలెను.